పెంటమ్మ ఎదురు నిలిచిన రేవు

అనగా అనగా, సముద్రం ఊళ్ళకి ఇంకా కాస్త దగ్గరగా ఉన్న రోజుల్లో, గవ్వని చెవికి ఆనించుకుని అది చెప్పిన మాట మనుషులు నమ్మే రోజుల్లో, ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ పక్కన ఒక పొన్నతోపు ఉండేది.

ఏం తోపు అది! ఎండ కింద పడాలంటే ఆకుల్ని బతిమాలుకోవాలి. తెల్లటి పొన్నపూలు రాలి ఇసక మీద పరుపు పరిచేవి. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఏరు. ఏటి ఒడ్డంతా మడచెట్లు, చీర ఎత్తిపట్టుకుని బురదలో నిలబడ్డ ఆడవాళ్ళలాగా. ఇసక నిండా ఎర్రపీతలు. మనిషి అడుగు పడిందా, అన్నీ కన్నాల్లోకి మాయం. అడుగు ఆగిందా, అన్నీ మళ్ళీ బయటికి. ఎవరు నేర్పారో వాటికి!

మాఘమాసం వచ్చిందంటే మెట్ట ఊళ్ళ జనం బండ్లు కట్టుకుని ఆ తోపుకి వచ్చేవాళ్ళు. ఏడాదంతా దుక్కులూ కోతలూ చేసిన ఒళ్ళు, ఒక్క రోజు ఆడుకోవద్దూ? పొన్నకొమ్మలకి ఉయ్యాలలు వేసేవాళ్ళు. పులిహోరా దద్దోజనం ఆకుల్లో వడ్డించుకునేవాళ్ళు. పిల్లలు గవ్వలేరుకుంటే, ముసలాళ్ళు గాలికి కునుకు తీసేవాళ్ళు. ఆపైన అందరూ సముద్రంలో మునిగేవాళ్ళు.

ఆ తోపు చివర, మొగలిపొదల వెనక, ఒక తాటాకు గుడిసె. అందులో పెంటమ్మ ఉండేది.

తనకు ముందు పుట్టినవాళ్ళంతా పోతే, ఈ పిల్లయినా దక్కాలని తల్లి పురిట్లోనే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుని, ఆ పేరు పెట్టింది. పిల్ల దక్కింది. పెరిగింది. పెళ్ళయింది. కాళ్ళ పారాణి ఆరకముందే మొగుడు ఏటిమొగలో స్నానానికి దిగాడు. పైకి రాలేదు.

ఇక అప్పటినుంచీ ఆమె ముఖం ఎవరికీ పనికిరాలేదు. చేపల వేటకెళ్ళేవాడు చూడకూడదు. పెళ్ళికెళ్ళేవాళ్ళు చూడకూడదు. విత్తనం చల్లేవాడు చూడకూడదు. ఎవరైనా వస్తున్న చప్పుడైతే పెంటమ్మ పక్కకి తప్పుకునేది. తప్పుకోవడం ఆమెకి అలవాటే.

పొన్నగింజలు ఏరి, ఎండబెట్టి, గానుగకి వేసి బతికేది. దానితో పాటు ఇంకో పని కూడా చేసేది. అది చెయ్యమని ఎవరూ చెప్పలేదు. ఏటిమొగలో ఇసకకి నిలకడ లేదు. పోటుకి ఒకచోట మేట వేస్తుంది, పాటుకి ఇంకోచోట గొయ్యి తీస్తుంది. పైకి చూస్తే మోకాటి లోతు, కింద ఏనుగు మునిగే గొయ్యి. అందుకని బండ్లు వచ్చే రోజు, తెలతెలవారుతుండగా పెంటమ్మ నీళ్ళలో దిగి, అరికాలితో ఇసకని తడిమి తడిమి చూసేది. గట్టిగా ఉన్నంత మేరా తాటిమట్టలు పాతేది. పాతేసి పొదల చాటుకి పోయేది.

వచ్చినవాళ్ళు ఆ మట్టల నడుమనే మునిగేవాళ్ళు. "గంగమ్మ తల్లి మనకోసం హద్దు గీసిందిరా!" అని దణ్ణం పెట్టుకునేవాళ్ళు. పెంటమ్మ పొదల సందులోంచి చూసి నవ్వుకునేది. మొగుడూ పెళ్ళాలు చేతులు పట్టుకుని ఒడ్డెక్కుతుంటే చాలు, ఆమెకి ఆ పూట అన్నం సహించేది.

అలా ఏళ్ళు గడిచాయి. ఒక మాఘంలో, పెంటమ్మ మట్టలు పాతి ఇలా తిరిగిందో లేదో, నడిసముద్రం నుంచి ఒక పెద్ద కెరటం వచ్చి మట్టలన్నీ ఊడ్చుకుపోయింది. సరిగ్గా తోపుకి ఎదురుగా గొయ్యి పడింది. పెంటమ్మ పరుగెత్తి ఒక మట్ట పాతింది, మునిగిపోయింది. మిగిలిన ఇంకోటి పాతింది, అదీ మునిగిపోయింది. ఇంతలో ఎద్దుల మెడల గంటలు వినపడ్డాయి.

ముందు బండిలో అచ్చియ్యమ్మ. మాటకి ఊరంతా జడిసే మనిషి. పక్కన కొడుకు భద్రయ్య, కొత్త కోడలు తాయారు. ఆ పిల్ల నుదుటి బాసికం గుర్తు ఇంకా మాయలేదు. ఆ ఇద్దరినీ చూడగానే పెంటమ్మ గబగబా ఒడ్డెక్కింది. ఎప్పుడూ లేనిది, బండికి ఎదురు వెళ్ళింది.

"ఒరే, ఆపరా బండి! ఎవత్తిరా ఆ ఎదురొచ్చేది?" అంది అచ్చియ్యమ్మ.

"ఎవరో బొట్టు లేని మనిషమ్మా," అన్నాడు బండివాడు.

"రామ రామ! కొత్త జంటని తెస్తుంటేనా! తిప్పు వెనక్కి!"

"అమ్మగారూ, రేవులో..." అంటోంది పెంటమ్మ.

"నోరు ముయ్యి! మొగుణ్ణి మింగినదానివి, నా పిల్లల ముందు నోరు తెరుస్తావా?"

పెంటమ్మ పక్కకి తప్పుకుంది. తప్పుకోవడం ఆమెకి అలవాటే.

వాళ్ళు వెనక్కి పోయి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయలుదేరి వచ్చారు. దోషం వాటికీ తగిలి ఉంటుందని అచ్చియ్యమ్మ ఎద్దుల చేత కూడా నీళ్ళు తాగించింది.

ముఖం చూపిస్తే తిట్టారు కదా, మాటైనా వింటారేమోనని పెంటమ్మ పొద చాటునుంచి కేకేసింది. "ఇటు దిగకండి తల్లీ! ఆ పక్కకి పోండి!"

"విన్నారా? చాటునుంచి శాపనార్థాలు!" అంది అచ్చియ్యమ్మ. పులిహోర మూట పక్కనున్న ఉప్పూ మిరపకాయలూ తీసి కొత్త జంటకి దిష్టి తీసింది.

"అత్తయ్యా, ఆవిడేదో చెప్పబోతోందేమో," అంది తాయారు.

"నీకు తెలీదు, ఊరుకో. ఆవిడ మాట విన్నవాళ్ళకి ఆవిడ రాతే పడుతుంది."

పెంటమ్మ మళ్ళీ పక్కకి తప్పుకుంది.

ఉయ్యాలలు ఆగాయి. ఆకులు ఎత్తారు. జనం కొంగులు బిగించుకుని నీళ్ళవైపు నడిచారు. హద్దు మట్టలు లేవన్నది ఎవరి కంటా పడలేదు. పెంటమ్మ చూసింది. నా మాట వినరు, అనుకుంది. నా ముఖం చూస్తే మాత్రం తప్పుకుంటారు. అయితే ఈ ముఖమే ఇవాళ పనికొస్తుంది.

ఆమె పొదల్లోంచి బయటికొచ్చి, అందరి కళ్ళముందే నీళ్ళలో దిగి, గొయ్యి అంచున నిలబడింది. సముద్రానికి వీపు పెట్టి, జనానికి ముఖం పెట్టి నిలబడింది.

"ఛీ ఛీ, మనం మునిగే నీళ్ళలోనే దిగింది! తప్పుకో!" అని అరిచింది అచ్చియ్యమ్మ. అందరూ అరిచారు. ఇసకముద్దలు విసిరారు.

పెంటమ్మ ఈసారి తప్పుకోలేదు.

జనమే తప్పుకున్నారు. ఆమె చూపు పడని చోటుకని దూరంగా పోయారు. అక్కడ ఇసక గట్టిది. హాయిగా మునిగారు, ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకున్నారు, కేరింతలు కొట్టారు. పోటు మొదలైంది. పెంటమ్మకి మోకాళ్ళ దాకా, నడుము దాకా వచ్చాయి నీళ్ళు. ఆమె అక్కడే ఉంది.

అంతలో తాయారు జడలోని పూలదండ జారి, తేలుతూ తేలుతూ గొయ్యివైపు పోయింది. "ఉండు, తెస్తా!" అని భద్రయ్య దాని వెనక పడ్డాడు. పెంటమ్మ ఇంకో అడుగు లోపలికి వేసి అతనికి అడ్డం నిలిచింది. భద్రయ్య తలెత్తాడు. ఆమె ముఖం చూశాడు. "ఛీ!" అని దండ వదిలేసి వెనక్కి తిరిగిపోయాడు.

అతని వీపు చూస్తూ పెంటమ్మ నవ్విందట. ఆమె కాళ్ళకింద ఇసక కదిలింది.

కాసేపటికి అచ్చియ్యమ్మ అటు చూసింది. "పోయిందర్రా పీడ! పదండి, అక్కడ నీళ్ళు తేటగా ఉన్నాయి" అంది.

అప్పుడే తెప్ప ఒడ్డుకి తోసుకొస్తున్న లోవయ్య అనే చేపల వేటగాడు గావుకేక పెట్టాడు. "ఆగండి! మట్టలు లేవు, కనపడటం లేదా? అక్కడ గొయ్యి పడింది! పెంటమ్మ చెప్పలేదా మీకు?"

"పెంటమ్మ ఎవరు?" అంది అచ్చియ్యమ్మ.

"ఏటేటా మీకు మట్టలు పాతే మనిషి. ఆ గుడిసెలో ఉండే ఆవిడ."

జనం నీళ్ళ అంచునే ఆగిపోయారు. తాయారు ఒక్కతే మెల్లగా అంది. "చెప్పబోయింది. మనమే చెప్పనివ్వలేదు."

లోవయ్య తెప్ప తిప్పి వెతికాడు. దండ దొరికింది, మనిషి దొరకలేదు. అచ్చియ్యమ్మ నీళ్ళ అంచున కూలబడింది. పొమ్మన్న నోటితోనే పిలిచింది. "పెంటమ్మా, రావమ్మా! ఎదురు రావమ్మా!" గొంతు పోయేదాకా పిలిచింది. బతికుండగా ఆ మాట ఒక్కసారి అనుంటే ఎంత బాగుండేది!

ఇప్పుడు బండ్లు పోయి ఆటోలొచ్చాయి. తోపు పలచబడింది. అయినా అక్కడికి ఆటవిడుపుకి వెళ్ళినవాళ్ళు నీళ్ళలో దిగేముందు ఒడ్డున ఆగుతారు. బొట్టు లేని ఆడమనిషి వెంట ఉంటే, ఆమె చెయ్యి పట్టుకుని ముందు ఆమె కాళ్ళు తడిపిస్తారు. ఆ రేవులో ఉన్నంతసేపే అనుకోండి. ఇళ్ళకి చేరాక మళ్ళీ పాత లెక్కే. మనుషులం కదా, సగమే నేర్చుకుంటాం.

అందరూ కలిసి మూడుసార్లు పిలుస్తారు. "పెంటమ్మా, ఎదురు రావమ్మా!" బదులు రాదు. రాదని తెలుసు. అయినా పిలిచినాక కాసేపు ఎవరూ అడుగు వెయ్యరు.