నూకరాజు చూపు పొదుపు

దేవుడు తెలివి పంచిపెట్టినప్పుడు ముందు తమ ఇంటికే వచ్చాడని, మిగిలిందేదో ఊరికి దక్కిందని నూకరాజు ఇంటిల్లిపాదికీ గట్టి నమ్మకం. నూకరాజు, భార్య సత్తెమ్మ, కొడుకు తాతబ్బాయి, ముగ్గురూ ముగ్గురే. ఎవరేం చెప్పినా పొల్లుపోకుండా చేస్తారు. వచ్చిన చిక్కల్లా అదే.

నూకరాజుకి చూపు మందగిస్తే పట్నంలో కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"కంట్లో ఒత్తిడి పెరిగిందమ్మా. పోయిన చూపు ఇక రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. రోజూ పడుకునే ముందు ఈ మందు ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వెయ్యండి. మానేస్తే ఉన్నదీ పోతుంది," అన్నాడాయన.

ఇంటికొచ్చి నూకరాజు నడుం వాల్చబోయాడు. "ఆగు నాన్నా, పడుకునే ముందు," అని తాతబ్బాయి చుక్క వేశాడు. అన్నం తిని పడుకోబోతే మళ్ళీ చుక్క. అసలే ఆయన మంచం దిగని మనిషి. ఇంకేముంది, కళ్ళు పండుమిరపకాయలయ్యాయి, నెలంతా రావాల్సిన సీసా వారం తిరక్కుండా ఖాళీ.

"ఇప్పుడెలాగే అమ్మా?" అన్నాడు తాతబ్బాయి.

"పడుకుంటేనే కదరా మందు. పడుకోనివ్వకపోతే సరి," అంది సత్తెమ్మ.

అంతే, మంచం అటకెక్కింది. పాపం ఆయన గోడకి చేరగిలబడి కునుకు తీస్తే ఇద్దరూ చెరోపక్కా పొడిచి లేపారు. ప్రేమంటే అలా ఉండాలి మరి.

నిద్రలేని మనిషి ఏం చేస్తాడు? అరుగు మీద కూర్చుని వీధిలోకి చూస్తున్నాడు. అది చూసి సత్తెమ్మ కొడుకుని కేకేసింది.

"ఒరే, ఉన్న చూపు కాపాడమన్నారు కదరా డాక్టరుగారు. ఈయన చూడు, గేదెల మీదా మేకల మీదా తగలేస్తున్నాడు."

తువ్వాలు తెచ్చి కళ్ళకి గంతలు కట్టేశారు.

"ఎలా ఉంది నాన్నా?"

"ఏమీ కనపట్టం లేదురా."

"హమ్మయ్య, పిసరు కూడా ఖర్చవటం లేదు," అన్నాడు తాతబ్బాయి.

అలాగే మళ్ళీ డాక్టరు దగ్గరికి నడిపించుకెళ్ళారు. ఆయన జరిగిందంతా విని, గంతలు విప్పి చూసి తల పట్టుకున్నాడు. ఒత్తిడి ఇంకా పెరిగింది. మందు మానేసినందుకు కొంత చూపు పోనే పోయింది.

"చూడ్డానికి కాకపోతే చూపెందుకమ్మా? రాత్రికి ఒక్కసారి, కంటికి ఒక్క చుక్క. మిగతా రోజంతా హాయిగా చూడనివ్వండి," అని తనే మందు వేశాడు.

నూకరాజు కాసేపాగి కళ్ళు తెరిచాడు. ఎదురుగా సత్తెమ్మ.

"చిక్కిపోయావే," అన్నాడు.

సత్తెమ్మకి ఏడుపాగలేదు. ఎన్నాళ్ళకి చూశాడో మొగుడు. కొంగుతో ముక్కు తుడుచుకుని, గబుక్కున రెండు చేతులతో ఆయన కళ్ళు మూసేసింది.

"చాల్లేవయ్యా, ఉన్నదంతా ఇవాళే చూసేస్తే రేపు నన్నేం పెట్టి చూస్తావు?"