వాగు మీద మూడో చెక్క

అనగనగా ఇంగ్లండులో ఒక నగరం. ఆ నగరం అంచున ఒక చిట్టడవి. నగరపాలక సంఘం లెక్కలో అది పదకొండో వార్డు. కథ చిన్నది పిల్లలూ. గ్లాసులో పాలు చల్లారేలోపు అయిపోతుంది.

ఆ అడవిలో ఒక వాగు. వాగు మీద ఐదు చెక్కల వంతెన. ఒక చలికాలం వరదకి మూడో చెక్క కొట్టుకుపోయింది. కథంతా ఆ చెక్క గురించే.

అయితే ముందు ఆ వార్డు ఓటర్ల సంగతి చెప్పాలి. బాతులు ఓటు వెయ్యవు. ఓటు పెట్టె ఉండే చెట్టు తొర్ర దాకా నడిస్తే కాళ్ళు ఆరిపోతాయని వాటి భయం. ఫలితం వచ్చాక మాత్రం అందరికంటే ఎక్కువ మాట్లాడతాయి. కుందేళ్ళు గుంపుగా వచ్చి గుంపుగా వేస్తాయి. ఎవరికేశారని అడిగితే, ముందు వెళ్ళిన కుందేలుని అడగమంటాయి. కాకులు ఏ పార్టీ ఊరేగింపుకైనా వెళ్తాయి, తిండి పెడితే చాలు. గొర్రెల సంగతి చెప్పకపోవడమే మంచిది. వాటి చుట్టాలెవరైనా వింటూ ఉండొచ్చు.

ఆ వార్డుకి ముగ్గురు సభ్యులు. ముగ్గురినీ ఒకేసారి ఎన్నుకుంటే పని త్వరగా అయిపోతుందని కాబోలు, ఏటా మే నెలలో ఒక్కొక్కరినే ఎన్నుకుంటారు. మూడేళ్ళు వరుసగా ఎన్నికలు. నాలుగో ఏడు విశ్రాంతి. ఎవరికి విశ్రాంతో ఎవరూ చెప్పలేదు.

పాలు తాగండి. సరే, చెక్క.

వాగుకి ఇవతల పుల్లమ్మ అనే ముళ్ళపంది ఉండేది. అవతల ఆకుల గుట్ట కింద వాళ్ళ అక్క బుల్లక్క ఉండేది. బుల్లక్కకి కళ్ళు సరిగ్గా కనిపించవు. రోజూ సాయంత్రం అక్కకి నాలుగు పురుగులు పట్టుకెళ్ళి ఇవ్వడం పుల్లమ్మ పని. చెక్క పోయాక ఆమె చుట్టూ తిరిగి మోటారు రోడ్డు దాటి వెళ్ళాల్సి వచ్చింది. ముళ్ళపంది పరుగెత్తలేదు. మోటారు ఆగదు. పుల్లమ్మ భర్త ఆ రోడ్డు మీదే పోయాడు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనదు. రోడ్డు పక్కన నిలబడి, రెండు వైపులా చూసి, ఒకసారి నిట్టూర్చి దాటుతుంది. వెళ్ళేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి.

మొదటి ఏడు నక్క రంగప్ప నిలబడ్డాడు. తన ముఖం బొమ్మ వేయించిన బోర్డు ఒకటి తెచ్చి వాగు ఒడ్డున పాతాడు. మంచి మందమైన చెక్క.

"నీ వంతెన సంగతి నాకొదిలెయ్ వదినా," అన్నాడు.

పుల్లమ్మ ఓటేసింది. రంగప్ప నలభై ఓట్ల తేడాతో గెలిచాడు. నెల రోజులు ఆగి ఆమె వెళ్ళి అడిగింది.

"రంగప్పా, చెక్క?"

"కమిటీకి రాశాను వదినా. ఏం రాశావని అడిగారు. మళ్ళీ రాశాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడు చదువుతున్నారు."

రెండో ఏడు కొంగ శేషాద్రి నిలబడ్డాడు. నక్క బోర్డు పక్కనే తన బోర్డు పాతాడు.

"రంగప్పని నమ్మావు, ఏమైంది? నేను రోజూ ఆ వంతెన కిందే నిలబడతానమ్మా. నాకు తెలియని సంగతా?" అన్నాడు.

నిజమే కదా అనుకుని పుల్లమ్మ ఓటేసింది. శేషాద్రి గెలిచాడు. గెలిచాక కూడా వంతెన కిందే నిలబడ్డాడు.

"శేషాద్రి గారూ, చెక్క?"

"చూస్తున్నానమ్మా," అన్నాడు. చూస్తూనే ఉన్నాడు. మధ్యమధ్య చేపల్ని కూడా చూస్తున్నాడు. "రంగప్ప అడ్డుపడుతున్నాడు," అని కూడా అన్నాడు. రంగప్పని అడిగితే శేషాద్రి అడ్డుపడుతున్నాడన్నాడు.

మూడో ఏడు ఉడుత చామంతి నిలబడింది. మూడో బోర్డు లేచింది.

"ఆ మగాళ్ళిద్దరికీ ఇల్లు దిద్దుకోవడం చేతకాదు పిన్నీ. నేను అప్పుడే ఒక చెక్క సంపాదించి భద్రంగా దాచి ఉంచాను," అంది.

చామంతి గెలిచింది. పుల్లమ్మ ఆ మర్నాడే వెళ్ళింది.

"దాచాను పిన్నీ. ఎక్కడో గుర్తు రావడం లేదు. ఎండలు ముదిరితే గుర్తొస్తుంది," అంది చామంతి. ఆ ఏడు ఎండలు ముదరలేదు. అది ఇంగ్లండు.

నాలుగో ఏడు ఎన్నికలు లేవు. దానికి బదులు ఒక గుడ్లగూబ తాడు పట్టుకుని వచ్చాడు. ఒక వార్డులో జనం ఎక్కువ, ఒక వార్డులో తక్కువ అయ్యారట. సరిచెయ్యాలట. వాగు వెంబడి తాడు పరిచి కొలిచాడు.

"ఇవతలదంతా పదో వార్డు. అవతలదంతా పన్నెండో వార్డు. పదకొండో వార్డు ఇక లేదు," అన్నాడు.

"మరి వంతెన?" అని అడిగింది పుల్లమ్మ.

"వంతెన గీత మీద ఉంది."

"గీత ఎవరిది?"

"గీత ఎవరిదీ కాదమ్మా. అది గీత," అని తాడు చుట్టుకుని వెళ్ళిపోయాడు.

ముగ్గురి పదవులూ ఒకే రోజు పోయాయి. శేషాద్రి ఇంకో చెరువు చూసుకున్నాడు. చామంతి ఎక్కడెక్కడో తవ్వుతూ తిరిగింది. రంగప్ప మాత్రం వాగు ఒడ్డున తన బోర్డు కింద కూర్చున్నాడు. ఎక్కడికి వెళ్ళాలో అతనికి తోచలేదు.

అక్టోబరు వచ్చింది. చలి నిద్రకి ముందు కడుపు నింపుకోకపోతే ముళ్ళపంది మళ్ళీ లేవదు. బుల్లక్క చిక్కి సగమైంది. ఇప్పుడు రోజుకి రెండుసార్లు వెళ్ళాలి. అంటే ఆ రోడ్డు నాలుగుసార్లు దాటాలి. ఒక సాయంత్రం పురుగులు పట్టుకుని బయల్దేరిన పుల్లమ్మ వాగు దాకా వచ్చి ఆగిపోయింది. బోర్డుల పక్కన కూలబడింది.

"వదినా, నన్నేమీ అడక్కు. నేనిప్పుడు ఎవర్నీ కాను," అన్నాడు రంగప్ప.

"కమిటీ సంగతి అడగను," అంది పుల్లమ్మ. కాసేపు నీళ్ళకేసి చూసింది. తర్వాత, "ఆ బోర్డు నీకింకా కావాలా?" అంది.

రంగప్ప తల తిప్పి తన బోర్డు చూసుకున్నాడు. వానలకి బొమ్మలో ఒక చెవి పోయింది.

"దేనికి?"

"చెక్కలా ఉంటేనూ."

రంగప్ప బోర్డుని గోటితో ఒకసారి తట్టి చూశాడు. తర్వాత లేచి బోర్డుని పళ్ళతో పట్టి పీకాడు. ఈడ్చుకెళ్ళి వంతెన మధ్యలో పరిచాడు. సరిగ్గా పట్టింది. మొత్తం పది నిమిషాల పని.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే."

"మూడేళ్ళు దాని పక్కనే నిలబడి ఉపన్యాసాలిచ్చాను."

"నేను విన్నాను," అంది పుల్లమ్మ. వంతెన ఎక్కి నెమ్మదిగా అవతలికి వెళ్ళింది.

అడుగుల చప్పుడు విని బుల్లక్క తలెత్తింది. "ఇంత తొందరగా వచ్చావేమే? ఈ ఏడు ఎవరు గెలిచారు?"

"ఎవరూ గెలవలేదక్కా. వార్డే లేదు."

"మరి ఎలా వచ్చావు?"

"రంగప్ప ముఖం మీద నడిచి వచ్చాను."

"గరుగ్గా ఉందా?"

"లేదు. రంగు వేయించాడుగా."

బుల్లక్క ఆ చలికాలం దాటింది. అక్కని వదిలి రావడం ఇష్టం లేక పుల్లమ్మ అవతలి ఒడ్డునే ఉండిపోయింది.

మళ్ళీ మే నెల వచ్చింది. రంగప్ప పదో వార్డులో నిలబడ్డాడు. వంతెన తనే బాగు చేశానని చెప్పుకున్నాడు. ఆ వార్డులో ఒక అభ్యర్థి నిజం చెప్పడం అదే మొదటిసారి. ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. పుల్లమ్మ ఓటు ఇప్పుడు పన్నెండో వార్డులో ఉంది. గెలిచింది చామంతి. వంతెన సంగతి పరిశీలిస్తానని మాటిచ్చింది.

నీతి: చెయ్యగలిగిన మేలు అడిగిన రోజే చెయ్యాలి. ఆలస్యంగా చేసినా అది మేలే, కాని మెచ్చుకోవలసినవాళ్ళు అప్పటికి అవతలి ఒడ్డుకి చేరిపోయి ఉంటారు.