వాన ఎంచిన రాణి ఈగ

అనగనగా ఒక కొండూళ్ళో, మబ్బులు గడప దాటి లోపలికొచ్చే ఊళ్ళో, సుక్రమ్మ అని ఒకావిడ ఉండేది. ముందు ఆ కాళ్ళాడించడం ఆపు, అప్పుడు చెబుతా. ఆపావా? సరే.

సుక్రమ్మకు మూడు తేనెపెట్టెలు, అంటే తేనెటీగల్ని పెంచే పెట్టెలు, ఉండేవి. మొగుడు పోయాక ఆమెకూ, కళ్ళు కనబడని ముసలి అత్తకూ ఆ తేనే కూడు పెట్టేది. పెట్టెలు పోతే సుక్రమ్మ దూరం తోటలకి కూలికెళ్ళాలి. అప్పుడు అత్తకు గంజి పోసేదెవరు?

మొదటి రెండు పెట్టెల్లో పచ్చగా, పెద్దగా ఉండే రాణి ఈగలు. కింద మైదానం నుంచి ఒకతను తెచ్చి ఇచ్చాడు వాటిని. ఒకదాని పెట్టెలో తేనె కుండలకి కుండలు. ఇంకోదాని పిల్లలు మహా సాధువులు, చెయ్యి పెట్టినా కుట్టవు. మూడో పెట్టెలో మాత్రం కొండల్లో పుట్టిన నల్ల రాణి. తేనె గరిటెడు, కోపం గంపెడు. వెళ్ళిన ప్రతిసారీ సుక్రమ్మ ముక్కు మీదే కుట్టేవి దాని పిల్లలు. నవ్వకే, నీ ముక్కయితే ఇంకా ఉబ్బేది.

ఆ తర్వాత వాన పట్టుకుంది. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడు నెలలు. ఎక్కడా పువ్వన్నది లేదు. ఒకనాడు కాస్త తెరిపిస్తే సుక్రమ్మ పెట్టెలు తెరిచి చూసింది. పచ్చ రాణులు గుడ్లు పెడుతూనే ఉన్నాయి. నల్ల రాణి ఒక్క గుడ్డూ పెట్టలేదు.

ఇదింక పనికిరాదు, దీన్ని నలిపేసి ఇక్కడా పచ్చదాన్నే తెచ్చి పెడతానంది సుక్రమ్మ. రాణిని రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది కూడా. అప్పుడు అరుగు మీంచి అత్త అంది:

"ఇంట్లో గింజ లేనప్పుడు చుట్టాల్ని పిలుస్తామటే? దానికున్న తెలివి నీకు లేదు. వాన వెలిసేదాకా ఆగు."

సుక్రమ్మకు ఒళ్ళు మండింది. అయినా అత్త మాట కాదనలేక రాణిని వదిలేసింది.

అప్పుడేమైందో తెలుసా? మొదటి పెట్టెలో పిల్లలెక్కువైపోయి, ఉన్న తేనె అంతా తినేసి, ఆకలికి చచ్చిపోయాయి. బెల్లం నీళ్ళు పెట్టినా చాల్లేదు పాపం. రెండో పెట్టెలోవి ఆకలికి తాళలేక లేచి ఎటో పోయాయి. సుక్రమ్మ ఆ ఖాళీ పెట్టెల పక్కన కూర్చుని ఏడ్చింది. మూడో పెట్టె తెరవడానికి చేతులు రాలేదు. చెవి ఆనించి వింది. లోపల సన్నగా, గుంయ్ మంటోంది.

ఆ తర్వాత వాన వెలిసింది. వలిసె పూలు పూసి కొండంతా పసుపు ఆరబోసినట్టయింది. నల్ల రాణి మళ్ళీ గుడ్లు పెట్టింది, పెట్టె నిండింది. కొత్త రాణుల కోసం ఈగలు వేరుశనగ కాయల్లాంటి గదులు కట్టాయి. సుక్రమ్మ రెండు గదులు మెల్లిగా కోసి, గుప్పెడేసి ఈగలతో ఖాళీ పెట్టెల్లో పెట్టింది.

రెండు పెట్టెల్లోనూ కొత్త రాణులు పుట్టాయి. మగ ఈగల్ని కలవడానికి ఆకాశంలోకి ఎగిరాయి. ఒకటి తిరిగొచ్చింది. రెండోది వస్తుండగా చూసినవాళ్ళు లేరు. పైన తీగ మీద ఈగల్ని తినే పచ్చపిట్ట కూర్చుని ఉంది మరి. సుక్రమ్మ ఆ పెట్టె ముందే కూర్చుంది. ఒక రోజు చూసింది, రెండు రోజులు చూసింది. మూడో రోజు దేవుడా అనుకుంటూ ఆ పెట్టె తెరిచింది.

గది గదికీ ఒక గుడ్డు, నిలబెట్టిన బియ్యపు నూకలాగా.

సుక్రమ్మ అక్కడే చతికిలబడి, "అత్తా, వచ్చేసింది! నేనెక్కడికీ పోనక్కర్లేదు," అంది. అప్పుడే ఒక ఈగ ముక్కు మీద కుట్టింది. కుడితే కుట్టనీ అనుకుని నవ్వింది. అత్త కూడా బోసినోటితో నవ్వింది.

అప్పట్నించీ ఏ రాణి పిల్లల్ని పెంచాలో సుక్రమ్మ ముందే ఎంచేది కాదు. వాన ఎంచేదాకా ఆగేది.

ఈగలు గూటికి,
తేనె నోటికి,
కథేమో కంచికి,
నా తల్లి నిద్దరికి.