దవడ ముందు టీ గిన్నె

సత్యవేణి బాధ ఒక్కటే. మూడేళ్లయినా గురువు తనకి వెనక చోటు ఇవ్వడం లేదు.

రాఫ్టులో, అంటే గాలి నింపిన రబ్బరు పడవలో, వెనక చోటంటే గైడు చోటు. ముందు కూర్చున్నవాళ్లు తెడ్లు వేస్తారు గానీ, ఎటు వెయ్యాలో ఎప్పుడు ఆపాలో వెనకున్న మనిషే చెప్పాలి. ఆ మనిషి మెడలో ఒక విజిల్ ఉంటుంది. లదాఖ్ కొండల వెనక, రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి గుర్రాల మీద సామాను వేసుకుని రెండు రోజులు నడిస్తే గానీ లుంగ్‌మర్ నది కనపడదు. ఆ నది మీద ఆ విజిల్ ముప్ఫై ఏళ్లుగా ఆమె గురువు రిగ్జిన్ మెమే మెడలోనే ఉంది. మెమే అంటే లదాఖ్ వాళ్ల భాషలో తాత.

సత్యవేణి దేవీపట్నం దగ్గర లాంచీ నడిపే సరంగు వీర్రాజు కూతురు. ఇరవై ఏడేళ్లు. గోదావరి సుడుల్ని చూస్తూ పెరిగిన పిల్ల. మూడేళ్లుగా మెమే దగ్గర గైడు పని నేర్చుకుంటోంది. నీటి పైపైన చూసి అడుగున రాయి ఎక్కడుందో, దారి ఎక్కడుందో చెప్పేస్తుంది. ఆ సంగతి మెమేకి తెలుసు. ఆమెకి ఇంకా బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ప్రయాణం ఆఖరి రోజున ఆ నదిలో దవడ అనే ఇరుకు వస్తుంది. రెండు కొండలూ నోరు మూసుకోబోతున్నట్టు దగ్గరికొస్తాయి. అందులోకి దిగాక మూడు మైళ్ల దాకా కాలు పెట్టడానికి ఒడ్డు లేదు. అందుకని ప్రతిసారీ దవడకి ముందు మెమే రాఫ్టుని ఒడ్డుకి కట్టిస్తాడు. దిగి, ఒడ్డునున్న పెద్ద బండరాయెక్కి నదిని చూస్తాడు. నాలుగు వందల సార్లు వెళ్లిన దారిని పెళ్లిచూపులకొచ్చినవాడిలా చూస్తాడు. తర్వాత తీరిగ్గా టీ తాగుతాడు. రాఫ్టెక్కడానికి వచ్చినవాళ్లు ముసలాయన భయపడుతున్నాడని గుసగుసలాడుకుంటారు. సత్యవేణికి తల కొట్టేసినట్టుండేది.

సీజన్లో చివరి ప్రయాణం వచ్చినప్పుడు మాత్రం, టీ అయ్యాక, మెమే ఆమెని ఒక మాట అడుగుతాడు.

"వెళ్దామా?"

మొదటి ఏడాది "వెళ్దాం మెమే" అని ఇసకలో గీత గీసి దారి చూపించింది. దారి సరైనదే. "అయితే ముందు కూర్చో" అన్నాడు. వెనక ఆయనే కూర్చున్నాడు.

రెండో ఏడాది ఆయన ప్రశ్న పూర్తి కాకుండానే "వెళ్దాం" అంది. దారి అప్పుడూ సరైనదే. అప్పుడూ ముందే కూర్చుంది.

పోనీ ఆయనేమన్నా కుర్రాడా అంటే అదీ కాదు. ప్రతి సెప్టెంబరులోనూ "మోకాళ్లు అరిగిపోయాయి, ఇదే ఆఖరు" అంటాడు. జూన్ వచ్చేసరికి మళ్లీ విజిల్ మెడలో వేసుకుని ప్రత్యక్షమవుతాడు. ముసలాయనకి ఆ చోటు మీద మమకారం చావలేదని సత్యవేణి అనుకుంది. అలా అనుకోవడం తప్పని తెలిసీ అనుకుంది.

ఈ ఏడాదితో తేలిపోవాలి. నాన్న ఫోన్లో చెప్పేశాడు. "మూడేళ్లు చూశాం గదమ్మా. ఈసారీ అవ్వలేదంటే వచ్చెయ్. లాంచీల ఆఫీసులో టిక్కెట్లు ఇచ్చే పనుందంట. మాట్లాడి ఉంచాను."

నదిని కిటికీలోంచి చూస్తూ బతకడం తలుచుకుంటేనే ఆమెకి ఊపిరాడలేదు.

చివరి ప్రయాణానికి ఆరుగురొచ్చారు. అందులో ఒకాయన సోమయాజులు. వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు, రాజమండ్రి మనిషి. ఈత రాదు. నోరు మాత్రం ఊరుకోదు.

"మన గోదారి పిల్లవా! అయితే ఇంక ఈ లైఫ్ జాకెట్టెందుకు నాకు?"

"వేసుకోండి బాబాయిగారూ."

"వేసుకుంటాలే అమ్మాయ్. మాట వరసకన్నాను."

ఆఖరిదైన నాలుగో రోజు పొద్దున ఆయన బూటు ఒకటి కనపడలేదు. ముందు రోజు సాయంత్రం తడిసిన బూట్లని నీటి అంచున ఒక రాయి మీద ఆరబెట్టాడు. తెల్లారేసరికి ఒకటే మిగిలింది. "ఏ కుక్కో ఎత్తుకుపోయుంటుంది" అని తేల్చేశాడు. ఆ లోయలో కుక్క కాదు గదా, కుక్కని పెంచే మనిషి కూడా లేడు. అయినా అందరూ పొద్దెక్కేదాకా వెతికారు. మెమే వెతకలేదు. ఆ రాయి వైపు ఒకసారి చూసి టీ పెట్టుకున్నాడు. చివరికి సోమయాజులు కాలికి చెప్పుని తాడుతో బిగించి కట్టి బయల్దేరదీశారు.

అలా ఎప్పుడూ పదింటికి చేరే దవడ దగ్గరికి ఆ రోజు రెండింటికి చేరారు.

రాఫ్టు దిగగానే సత్యవేణి ఆకాశం చూసింది. మబ్బు తునక లేదు. అది నాన్న అలవాటు. పొద్దున్నే లాంచీ ఎక్కి ఎగువ వైపు చూస్తాడు. మబ్బు లేకపోతే ఇంజను ఆన్ చేస్తాడు. ఎగువన వాన పడితేనే గోదావరి పొంగేది. ఆకాశం తేటగా ఉంటే భయం లేదు.

ఇక్కడ సంగతి వేరని ఆమెకి తెలియక కాదు. వచ్చినవాళ్లందరికీ రోజూ పొద్దున చెప్పేది ఆమే. "ఇది మంచు కరిగి వచ్చే నది. ఇక్కడ ఎండ కాస్తేనే వరద. పొద్దున తక్కువ ఉంటుంది, సాయంత్రానికి ఎక్కువవుతుంది." గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతుంది. కానీ నిర్మలమైన ఆకాశం కనపడితే ఒంటికి ఆ పాఠం గుర్తుండదు. ఆ రోజూ నీలంగా ఉన్న ఆకాశాన్ని చూసి ఆమె ప్రాణం నిమ్మళించింది.

మెమే టీ తాగాడు. ఆయన గిన్నె ఆప్రికాట్ కర్రతో చెక్కింది. నది నేర్పిన గురువు ఆయనకిచ్చింది. తాగాక తువాలుతో తుడిచి కోటు లోపల దాచుకోవడం ఆయన అలవాటు. ఆ రోజు దాచుకోలేదు. వంగి, నీటికి జానెడు పైనున్న చదును రాయి మీద పెట్టాడు. సత్యవేణి చూసింది. మరిచిపోయాడనుకుంది.

"వెళ్దామా?" అన్నాడు.

సోమయాజులు అప్పుడే రాఫ్టెక్కి కూర్చున్నాడు. "పదమ్మాయ్! ఎల్లుండి నా విమానం."

వెళ్దాం అనబోయి ఆగింది. ఈసారి ముసలాయన వంక పెట్టడానికి వీల్లేకుండా చెయ్యాలని ఆమె పట్టుదల.

"ఒక్క నిమిషం మెమే. చూసొస్తాను."

బండెక్కి చూసింది. నీళ్లు బూడిద కలిపిన మజ్జిగలా ఉన్నాయి. దవడ నోట్లో ఉన్న నల్లరాయికి ఎడమ పక్కగా నున్నటి దారి ఉంది. పదిసార్లలో ఎనిమిదిసార్లు హాయిగా పోవచ్చు. ఇంకో రెండుసార్ల సంగతి ఆలోచించలేదు. ఏ అలకి ఏ తెడ్డు వెయ్యాలో చాలాసేపు లెక్క చూసుకుని, చెప్పబోయే మాటలు మనసులో పేర్చుకుంటూ దిగింది.

ఒడ్డుకొచ్చేసరికి గిన్నె కదులుతోంది.

కింద రాయి లేదు. ఉంది గానీ నీటి అడుగున ఉంది. గిన్నె తేలి, మెల్లగా ఒక చుట్టు తిరిగి, ఒడ్డు వదిలింది. మెమే దాని పక్కనే కూర్చున్నాడు. చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు.

"మెమే, గిన్నె!"

పరుగెత్తి నీళ్లలోకి దిగింది. చలి ఎముకల్లోకి దూరింది. గిన్నె అప్పటికే ప్రవాహంలో పడింది. రెండు మునకలేసి, దవడ వైపు వెళ్లిపోయింది.

సత్యవేణి అలాగే నిలబడిపోయింది. తను నిలబడ్డ చోట ఇందాక పొడి గులకరాళ్లున్నాయి. తలెత్తి చూసింది. ఆకాశంలో ఇప్పుడూ మబ్బు లేదు. దూరంగా మంచుకొండ మీద ఎండ నిప్పులు చెరుగుతోంది.

బూటు గుర్తొచ్చింది. దాన్ని ఏ కుక్కా ఎత్తుకుపోలేదు.

అప్పుడు వేసింది భయం. బండ మీద నుంచి తను చూసిన దారి అరగంట కిందటిది. రాఫ్టు అక్కడికెళ్లేసరికి నల్లరాయి పైకి ఎంత కనపడుతుందో, అసలు కనపడుతుందో లేదో. వెనక్కి తిరిగి ఆరుగురినీ చూసింది. వాళ్లెవరూ నదిని చూడటం లేదు. తననే చూస్తున్నారు. సోమయాజులు తాడు కట్టిన చెప్పు ఊపుతూ నవ్వుతున్నాడు.

మెమే మళ్లీ అడగలేదు.

వద్దంటే వెనక చోటు పోయినట్టే. టిక్కెట్ల కిటికీ కళ్లకి కట్టింది.

"వెళ్లం," అంది. "ఇవాళ వెళ్లం. రేపు తెల్లవారాక నీళ్లు తగ్గుతాయి, అప్పుడు వెళ్దాం. రాఫ్టుని పైకి లాగాలి. అందరూ దిగండి."

"అదేంటమ్మాయ్! నా విమానం?"

"పోతుంది బాబాయిగారూ."

"గోదారి పిల్లవి! నీకు భయమేంటి?"

"భయమేనండీ," అంది.

మూడేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. అన్నాక ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఎవరో బుజాల మీది బస్తా దింపినట్టు ఒళ్లు తేలికైంది.

మెమే మోకాళ్లు పట్టుకుని లేచి, తాడు ఒక కొస అందుకున్నాడు. అందరూ కలిసి రాఫ్టుని రెండు నిలువుల ఎత్తుకి లాగి బండకి కట్టారు.

సాయంత్రానికి వాళ్లు టీ తాగిన చోటు లేదు. నది ఉరుముతూ దవడలోకి దూరుతోంది. నల్లరాయి ఎక్కడుందో తెలియడం లేదు. సోమయాజులు బండ మీద నిలబడి చాలాసేపు చూశాడు. వంతెనలు కట్టిన మనిషి, నీటి బరువు తెలిసినవాడు. దిగి వచ్చాక విమానం మాటెత్తలేదు. తన స్టీలు గ్లాసు తెచ్చి మెమే చేతిలో పెట్టాడు.

సత్యవేణి మెమే పక్కన కూర్చుంది.

"మీ గురువుగారిచ్చిన గిన్నె..."

"పోయింది."

"నేను చూశాను మెమే. మీరక్కడ పెట్టడం చూశాను. తీసి ఇవ్వలేదు."

"గిన్నె ఒకటి పోయింది. ఎనిమిది మందిమీ ఉన్నాం," అన్నాడు. గ్లాసులో టీ ఊదుకున్నాడు.

ఆమె ఇంకో మాట కోసం ఎదురు చూసింది. రాలేదు. తిరుగు ప్రయాణం ఖాయమనుకుని గుడారంలోకి వెళ్లి పడుకుంది. ఏడవలేదు గానీ ముక్కు చాలాసార్లు తుడుచుకుంది.

తెల్లవారేసరికి నది దిగిపోయింది. బండ మీద మనిషెత్తున తడి చార ఉంది. రాఫ్టుని కిందికి దించారు. సత్యవేణి జాకెట్టు బిగించుకుని ఎప్పటిలాగే ముందు చోటు దగ్గరికెళ్లింది. అక్కడ మెమే కూర్చుని ఉన్నాడు. చేతిలో తెడ్డు.

"మెమే, ఇది నా చోటు."

"నిన్నటిదాకా," అన్నాడు. "నది ఎదురుగా కూర్చుని ముప్ఫై ఏళ్లయింది. ఇవాళ చూడనీ."

వెనక చోట్లో విజిల్ ఉంది. దానికి కొత్త తాడు. కొత్తదే గానీ మడతల దగ్గర మాసిపోయి ఉంది, ఎప్పుడో పేని ఇన్నేళ్లూ ఎక్కడో దాచినట్టు.

సత్యవేణి దాన్ని చేతిలోకి తీసుకుంది. చాలాసేపు ముడి పడలేదు.

మెడలో వేసుకున్నాక, "అందరూ ఒక్క నిమిషం ఆగండి. చూసొస్తాను," అని బండెక్కింది.

"మళ్లీనా?" అనబోయి సోమయాజులు మెమే మొహం చూసి నోరు మూసుకున్నాడు. మెమే స్టీలు గ్లాసులో టీ పోసుకున్నాడు.

నల్లరాయి నడుము దాకా పైకుంది. ఎడమ పక్కన దారి అలాగే ఉంది. ఆమె దిగొచ్చి విజిల్ ఊదింది. రాఫ్టు దవడలోకి దిగింది. రెండు అలలు తలల మీదుగా పోయాయి. ఆమె "ఆపండి" అన్నప్పుడు ఏడు తెడ్లూ ఆగాయి, "వెయ్యండి" అన్నప్పుడు పడ్డాయి. అందులో మెమేదీ ఒకటి. నల్లరాయి పక్కనుంచి, చేత్తో తాకేంత దగ్గరగా వెళ్లిపోయింది. తర్వాత మలుపు, ఇంకో మలుపు, ఒక్కసారిగా వెలుతురు.

కొండలు విడిపోయాయి. ఇసక ఒడ్డు వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకుని, ఆ వెంటనే కేకలేసి, ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. సత్యవేణి ఒడ్డున కూలబడి ఈసారి దాచుకోకుండా ఏడ్చింది. ఆ టిక్కెట్ల పని ఇంకెవరికైనా ఇప్పించమని నాన్నకి చెప్పాలి. ఆ తలపుకే ఏడుపులో నవ్వొచ్చింది.

ఒడ్డు వార సుడిలో ఏదో గిరగిరా తిరుగుతోంది. అందరూ గిన్నె అనుకుని పరుగెత్తారు. అది సోమయాజులు బూటు.

"నాదే!" అని ఆయన దాన్ని గుండెకి హత్తుకున్నాడు. గిన్నె కోసం అటూ ఇటూ చూశారు. కనపడలేదు.

మెమే మోకాళ్లు ఎండకి చాపుకుని కూర్చున్నాడు. సోమయాజులు బూటులో నీళ్లు వంపుతూ ఆయన పక్కన చేరాడు. మెల్లగా అడిగాడు.

"నిన్న ఆ అమ్మాయి వెళ్దామని అనుంటే ఏం చేసేవారు?"

"ఆగమని నేనే అనేవాణ్ణి," అన్నాడు మెమే. "వచ్చే ఏడు ఈ మోకాళ్లేసుకుని మళ్లీ వచ్చేవాణ్ణి."