కిలో సీతాఫలానికి ఎన్ని గ్లాసులు

మహబూబ్‌నగర్‌లో సీతాఫలం ఐస్‌క్రీం చేసే మాణిక్యమ్మకు ఒక పట్టింపు ఉండేది. మంచూ ఉప్పూ నింపిన చెక్క బకెట్‌లో డబ్బా పెట్టి చేత్తో తిప్పేటప్పుడు ఎవరేం మాట్లాడుకున్నా ఆమె పట్టించుకునేది కాదు. పండ్లు ఒలిచేచోట మాత్రం పని ముగిసేదాకా ఎవరూ ఏదీ నోట్లో పెట్టుకోకూడదు. ఎంగిలి సంగతి అటుంచి, తినే చెయ్యి గింజల దగ్గర తొందరపడుతుందని ఆమె అనేది. పని నేర్చుకోవడానికి వచ్చిన శ్యామల ఏనాడూ ఆ మాట జవదాటలేదు.

ఇప్పుడు శ్యామల వనపర్తిలో సొంతంగా దుకాణం పెట్టుకుంటోంది. మొదటి పని ఒక పెళ్లివిందు. పండ్లు ముందే తెప్పించి మాగబెట్టుకోవాలి. గుజ్జు చాలకపోతే మాగిన పండ్లు అప్పటికప్పుడు దొరకవు. వడ్డన మధ్యలో ఆగితే ఆ ఊళ్లో మళ్లీ పిలిచేవాళ్లుండరు. పండ్లు వచ్చేది కిలోల్లో, గుజ్జు పాలలో కలిపేది గ్లాసులతో. కిలోకు ఎన్ని గ్లాసులని ఆమె చాలాసార్లు అడిగింది. పండును బట్టి ఉంటుందని మాణిక్యమ్మ దాటవేస్తూ వచ్చింది. రేపు పోటీకి వస్తానని లెక్క దాస్తోందేమోనన్న అనుమానం శ్యామలను ముల్లులా గుచ్చుతూనే ఉంది.

బయల్దేరే ముందురోజు ఆ ముల్లుతోనే అడిగింది.

“పెద్దమ్మా, కిలోకు ఎన్ని గ్లాసులు? ఇయ్యాలన్నా చెప్పు.”

మాణిక్యమ్మ కిలో పండ్లు తూచి, ఒక్కతే కూర్చుని ఒలిచింది. పండు విప్పడం, గింజ జార్చడం, తొక్కకు అంటిన గుజ్జును చెంచాతో గీకడం, ఎక్కడా చెయ్యి ఆగలేదు. కొలిస్తే ఒకటిన్నర గ్లాసు వచ్చింది. జవాబు దొరికిందనుకుని శ్యామల లేవబోయింది. మాణిక్యమ్మ అదే బుట్టలోంచి మరో కిలో తూచి, శ్యామలకు తన ఎదురుగా పీట వేసింది.

ఈసారి ఇద్దరూ ఒలిచారు. కొత్తలో శ్యామల బకెట్‌లో వేయాల్సిన ఉప్పును డబ్బాలోని పాలలో వేసిన వైనం మాణిక్యమ్మ గుర్తుచేసింది. తనను ఒక్క మాటా అనకుండా ఆ పాలు పారబోసి వచ్చింది ఎవరని శ్యామల ఎదురడిగింది. ఇద్దరూ నవ్వుకుంటుండగా మాణిక్యమ్మ చేతిలో బాగా మాగిన పండొకటి దానంతటదే విచ్చుకుంది. ఆమె దాన్ని కాసేపు చూసి, సగం తన నోట్లో పెట్టుకుని, మిగతా సగం శ్యామలకు చాపింది. శ్యామల అందుకోలేదు.

“తిను. ఎవరన్న అడిగితే నేనే తినమన్న అని చెప్పు.”

ఆ తర్వాత ఇంకో పండు విచ్చుకుంది. తర్వాతివి వాటంతటవి విచ్చుకున్నాయని చెప్పడం కష్టం. ఈ గుజ్జు ఇక అమ్మకానికి పనికిరాదని ఇద్దరికీ తెలుసు. అయినా మాణిక్యమ్మ చేతులు కడుక్కొచ్చి శ్రద్ధగా కొలిచింది. ఒక్క గ్లాసుకు కూడా కాస్త వెలితి.

తూకం ఒకటే, బుట్ట ఒకటే. శ్యామల ఒకటిన్నర వంకా, నిండని గ్లాసు వంకా మార్చిమార్చి చూసింది. అప్పటికి ఆమె గొంతులో ముల్లు లేదు.

“మరి ఏ లెక్క పట్టుకోవాలె, పెద్దమ్మా?”

మాణిక్యమ్మ తొక్కలు ఎత్తుతూ, తల తిప్పకుండానే చెప్పింది.

“పెండ్లికి మొదటిది పట్టుకో. నేను నీ దుకాణంకు వచ్చిన దినం రెండోది.”