చిక్కుడు గింజలో వేరు కాపురం

ఒకప్పుడు ప్రాణమున్న ప్రతిదీ ఒంటిగది ఇల్లే. మొక్కయినా ఒక్కటే కణం, కప్పయినా ఒక్కటే కణం. పెరగాలంటే పూరీలా ఉబ్బడమే తెలుసు.

చిక్కుడు గింజలో ముద్దమ్మ అనే కణం ఉండేది. మట్టి పైకొచ్చి ఎండ చూడాలని దాని కోరిక. అందుకని గింజలోని పిండిని తెగ మేసింది. ఒళ్ళు ఊరింది గాని, తిన్నది గుమ్మం దగ్గరే ఆగిపోయి నడుమకు చేరలేదు. అంత తిని కూడా ఆకలితో నకనకలాడింది. ఇంకాస్త ఉబ్బితే పగిలేలా ఉంది, పైకి మాత్రం వీసమెత్తు కదల్లేదు.

గింజను ఒడిలో దాచుకున్న నేలమ్మ నవ్వి, ఇంత ఒంటికి ఒక్క గుమ్మం చాలదు, రెండిళ్ళు చేసుకోమంది.

సగం పంచితే తను సగమైపోదూ? ముద్దమ్మ వెనకాడింది. అయినా ఆకలి ఊరుకోనివ్వదుగా, రెండుగా చీలింది. చీలింది గాని పిసినారి బుద్ధి పోలేదు. ఆకు ఎలా వెయ్యాలో, వేరు ఎలా దింపాలో తెలిసిన దారప్పోగులు దాని నడుమ ఉన్నాయి. అవన్నీ తనే ఉంచుకుని, రెండో సగానికి వట్టి పిండి ఇచ్చింది. ఆ సగం ఏం చెయ్యాలో తెలియక వాడిపోసాగింది. ముద్దమ్మకు భయమేసింది, జాలీ వేసింది.

"తోడు వెయ్యకుండా పాలు పెరుగవుతాయటే, పిచ్చిదానా?" అంది నేలమ్మ.

ముద్దమ్మ సిగ్గుపడి ఆ సగాన్ని మళ్ళీ తనలో కలుపుకుంది. ఈసారి ముందు ప్రతి పోగు పక్కనా అలాంటిదే ఇంకో పోగు పేనింది. ప్రతి జతలో చెరొకటి సమంగా పంచి, మధ్యలో గోడ కట్టింది.

"అక్కా, నేనేం చెయ్యాలి?" అంది రెండోది.

"నాకు తెలిసిందంతా నీకూ తెలుసు. కానివ్వు."

రెండూ తిన్నాయి, ఆకలి తీరింది. రెండూ నాలుగయ్యాయి, నాలుగూ ఎనిమిదయ్యాయి. కొన్నాళ్ళకు మొలక తల వంచుకుని మట్టిని తోసి పైకొచ్చింది. ఎండ చూసిన ముద్దమ్మ ఎవరని నేలమ్మ అడిగితే, ఆకులోని కణాలు "నేనే" అన్నాయి, చీకట్లో ఉన్న వేరులోని కణాలూ "నేనే" అన్నాయి.

పక్క గుంటలోని కప్ప గుడ్డు ఇదంతా విని, గోడ కట్టే ఓపిక లేక నడుం నొక్కుకుని రెండయింది.

అప్పటినుంచే మొక్కలూ జంతువులూ ఉబ్బి పెరగడం మాని, కణాలను రెండేసిగా చీల్చుకుంటూ పెరుగుతున్నాయి. నిరుటి చొక్కా పట్టడం లేదని అమ్మ విసుక్కుంటే, మీ ఒంట్లో ముద్దమ్మలు వేరు కాపురాలు పెడుతున్నారని చెప్పండి.