ఏడ్చే కుండలు

గురవమ్మ తప్పు చేసింది. బీటవారిన మూడు కుండలకు లక్క పూసి, మంచి కుండల్లో కలిపేసింది.

అనగనగా అని మొదలుపెట్టాలి కాబట్టి, అనగనగా ఒక ఏటి ఒడ్డు. ఆ ఒడ్డున గురవమ్మ అనే కుమ్మరి. మగడు పోయాక తనే సారె తిప్పేది, తనే కుండలు కాల్చే ఆవం పేర్చేది. ఆమెకు ఆరేళ్ళ కూతురు నాంచారి.

ఈ నాంచారి తల్లికి మొదటి నుంచీ ఒక వింతే.

నాలుగేళ్ళప్పుడు పెరుగుకుండ ఖాళీ అయింది. గురవమ్మ పిల్లి మీదికి చీపురు ఎత్తింది.

"దాన్ని కొట్టకమ్మా. మీగడ తిన్నది నేను. అడుగున మిగిలిందే అది తింది."

చీపురు ఎవరి మీద వెయ్యాలో తల్లికి తోచలేదు.

ఐదేళ్ళప్పుడు కళ్ళగంతలాట. "గుడ్డ పలచగా ఉంది, మీరంతా కనిపిస్తున్నారు. ఇంకో మడత వేసి కట్టండి" అంది నాంచారి.

"కనిపిస్తే పట్టుకోవే, పిచ్చిమొద్దూ!" అన్నారు పిల్లలు.

మళ్ళీ కట్టేదాకా అడుగు కదపలేదు. ఆ తరవాత గోడకు గుద్దుకుని, ఓడిపోయి, నుదుట బొప్పితో ఇంటికొచ్చింది. "ఇది ఎవరి పోలికో!" అనుకుంటూ గురవమ్మ వెన్న రాసింది.

ఇక మూడోది, కుండల గొడవ.

రాజుగారి దండు చుక్క నీరు దొరకని మెట్టదారిన మూడు రోజులు నడవాలి. "పున్నమికి నలభై నీళ్ళకుండలు ఇస్తే ఈ ఒడ్డున మట్టి తవ్వుకునే హక్కు నీదే. లేదంటే ఆవలి ఊరి కుమ్మరిది" అన్నాడు దండును నడిపే దళవాయి.

ఆవం విప్పేసరికి మూడింటికి వెంట్రుకంత బీటలు. మళ్ళీ కాల్చే వ్యవధి లేదు. మట్టి లేని కుమ్మరికి బతుకేముంది? గురవమ్మ లక్క కరిగించింది.

పున్నమినాడు దళవాయి బండ్లతో వచ్చాడు. నాంచారి కుండల మధ్య తిరుగుతూ ఒక్కొక్కదాన్నీ వేలితో తట్టింది. మూడింటి దగ్గర ఆగింది.

"మీసాల మామా, ఈ మూడూ ఏడుస్తాయి."

"చిన్నపిల్ల, ఏదో వాగుతోంది దొరా" అంది గురవమ్మ.

దళవాయి పందిరి నీడలోనే ఆ మూడింటిలో నీళ్ళు పోయించాడు. చుక్క కారలేదు.

"ఓసి అబద్ధాలకోరూ!" అని భటులు నవ్వారు.

నాంచారి తల్లి వైపు వేలు చూపింది. "నేను అబద్ధం చెప్పను. అమ్మనడగండి, అమ్మకు తెలుసు."

అందరూ గురవమ్మ వైపు తిరిగారు. "నాకేం తెలీదు" అంటే చాలు, ఒడ్డు తనది. కానీ ఆ ఒక్క మాటతో ఏనాడూ బొంకని పిల్ల అబద్ధాలకోరు అయిపోతుంది. దారిలో దండు నాలుకలు ఎండిపోతాయి.

"నీడలో కాదు దొరా, ఎండలో పెట్టి చూడండి" అంది గురవమ్మ. "లక్క పూశాను."

కాగిన బండ మీద పెడితే కాసేపటికి లక్క మెత్తబడింది. మూడు కుండలూ బొట్టుబొట్టుగా కార్చాయి.

"మిగతా ముప్పై ఏడూ తీసుకుంటాను. ఇప్పుడు వీటి మీద నమ్మకం కుదిరింది" అన్నాడు దళవాయి.

"మరి మట్టి హక్కు?"

"నలభై అన్నాను. నలభై రాలేదు."

ఆ ఏడాది గురవమ్మ రెండు కోసుల దూరం నుంచి మట్టి మోసుకొచ్చింది. నడుం విరిగినంత పనైంది.

మరుసటి ఏడు దళవాయే వెతుక్కుంటూ వచ్చాడు. "నీ కుండల్లో ఒక్కటీ కారలేదమ్మా. లోటుకు ఆవలివాడిచ్చిన మూడూ మొదటి రోజే ఖాళీ. ఈ ఒడ్డు నీదే. కానీ నాకు ఈ పిల్ల తట్టిన కుండలే కావాలి."

"ఒక్కోటి రెండుసార్లు తడతాను మామా" అంది నాంచారి.

మిగిలిన లక్కముద్దను గురవమ్మ కుండలు కారిన ఆ పున్నమినాడే ఏట్లో పారేసింది. బతికినన్నాళ్ళూ మళ్ళీ ఇంట లక్క పెట్టలేదు. ఎవరు కొనవచ్చినా, "ముందు తట్టి చూడండి" అన్నాకే చేతికిచ్చేది.

పూత నీడలోనే నిలుస్తుంది. నిజం ఎండకూ నిలుస్తుంది.